బంతి ఎవరిది?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రజలు మిక్కిలి మక్కువతో చూచు క్రీడలలో బేస్‌బాల్ ఒకటి. వేసవి వచ్చినదనిన అచటి నగరములలో వేలకొలది జనులు సాయంకాలములందు స్టేడియములకు తరలిపోవుదురు. తల్లిదండ్రులు బిడ్డలను వెంటబెట్టుకొని వత్తురు. ఆ బిడ్డలలో అనేకులు చేతికి పెద్ద తోలు తొడుగు తగిలించుకొని కూర్చుండుట చూడవచ్చును. వారు ఆటగాండ్రు కారు. ఆ దినము ఆడబోవువారును కారు. వారి కోరిక ఒక్కటే. ఆటలో కొట్టిన బంతి తమ వైపునకు ఎగిరి రావలెను. దానిని తాము పట్టవలెను. పట్టినదానిని ఇంటికి కొనిపోవలెను.

క్రికెట్టు ఆటను ఎరిగిన మన బాలబాలికలకు ఇది వింతగా తోచును. హైదరాబాదులో గాని, విశాఖపట్టణములో గాని పెద్ద పోటీ జరుగునప్పుడు సిక్సరుగా కొట్టిన బంతి ప్రేక్షకుల నడుమ పడినచో, దానిని పట్టినవాడు ఒక క్షణము పైకెత్తి చూపి మైదానములోనికి విసరివేయును. ఏలయన, క్రికెట్టులో ఒకే బంతితో అనేక ఓవర్లు ఆడుదురు. బంతి అరిగిన కొలది దాని నడక మారును. ఆ మార్పును ఆటలో ఒక భాగమే. బేస్‌బాల్‌లో అట్లు కాదు. బంతికి మట్టి అంటినను, గీత పడినను దానిని తీసివేసి క్రొత్త బంతిని ఇత్తురు. ఒక్క ఆటలో పదులకొలది బంతులు మారుచుండును. కావున ప్రేక్షకుల నడుమ పడిన బంతితో ఆటకు మరల పని లేదు. అది పట్టినవానికే చెందుట నేటి ఆచారము.

ఈ ఆచారము ఒక్కనాడు ఏర్పడినది కాదు. పూర్వము బేస్‌బాల్‌లోను ఒకే బంతిని వీలైనంతసేపు వాడుచుండిరి. బంతి గ్యాలరీలో పడినచో సిబ్బంది వచ్చి దానిని తిరిగి తీసికొనుచుండిరి. ఇయ్యనివారితో తగవులు జరుగుచుండెను. 1916లో చికాగో కబ్స్ జట్టు యజమానియగు చార్లెస్ వీగ్‌మన్, బంతిని పట్టిన ప్రేక్షకుడు దానిని ఉంచుకొనవచ్చునని అనుమతించెను. కాని ఇతర యజమానులలో పలువురు ఈ పద్ధతిని వెంటనే అనుసరింపలేదు.

1921 మే 16వ తేదీన న్యూయార్కు నగరమందలి పోలో గ్రౌండ్స్‌లో ఒక ఆట జరుగుచుండెను. రూబెన్ బెర్మన్ అను ప్రేక్షకునికి ఒక బంతి దొరికెను. సిబ్బంది దానిని ఇమ్మనిరి. అతడు వారికి ఈయక బంతిని జనుల నడుమకు విసరెను. అంతట వారు అతనిని స్టేడియమునుండి వెలుపలికి పంపివేసిరి. పదుగురి యెదుట తనకు అవమానము జరిగినదని బెర్మన్ న్యాయస్థానమును ఆశ్రయించెను. అతడు కోరిన పరిహారము 20,000 డాలర్లు; లభించినది 100 డాలర్లు మాత్రమే. అయినను న్యాయము అతని పక్షమున నిలిచినది. ఆ తరువాత ఒకటి రెండేండ్లకు ఫిలడెల్ఫియాలో పదునొకండేండ్ల బాలుడొకడు బంతిని దాచుకొనెనని పోలీసులు అతనిని ఒక రాత్రి నిర్బంధించిరి. మరునాడు న్యాయమూర్తి ఆ బాలుని విడిచిపెట్టెను. బంతి కొరకు ఆశపడుట బాలునకు సహజమే గాని నేరము కాదని లోకమునకు తెలిసినది. క్రమముగా అన్ని జట్లును పాత పట్టుదలను విడిచినవి.

ఇట్లు పోరాడి పొందిన హక్కును ప్రేక్షకులు తామై వదలుకొన్న కాలమును కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికుల శిబిరములకు ఆటవస్తువులు కావలసి వచ్చెను. అప్పుడు గ్యాలరీలలో పడిన బంతులను ప్రేక్షకులు తిరిగి ఇచ్చివేసిరి. ఆ బంతులను సైనికులు ఆడుకొనుటకు పంపిరి. బలవంతముగా అడిగిననాడు ఈయని చేతులే, అక్కర తెలిసిననాడు సంతోషముతో ఇచ్చినవి.

హక్కు కలిగినంత మాత్రమున దానికి హద్దు లేకపోదు. మొదటి హద్దు మైదానపు గోడ. గోడ దాటి గ్యాలరీలోనికి వచ్చిన బంతిని ఎవరైనను పట్టవచ్చును. ఆటగాడు దాని కొరకు గోడమీదుగా చేయి చాచినచో, ప్రేక్షకుల చేతులు అడ్డు తగిలినను అతడు ఫిర్యాదు చేయరాదు. కాని ప్రేక్షకుడు మైదానములోనికి చేయి చాచి ఆటలోనున్న బంతిని తాకరాదు. అట్లు తాకినచో ఆట ఆగును. అడ్డు తగులకున్న ఏమి జరిగియుండెడిదో అంపైరు నిర్ణయించును.

ఈ హద్దు ఎంత సన్ననిదో 1996 అక్టోబరు 9వ తేదీన తెలిసినది. ఆనాడు న్యూయార్కు యాంకీస్ జట్టునకును, బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టునకును గొప్ప పోటీ. ఎనిమిదవ ఇన్నింగ్స్‌లో ఓరియోల్స్ 4–3తో ముందుండిరి. యాంకీస్ ఆటగాడు డెరెక్ జీటర్ బంతిని ఎత్తుగా కొట్టెను. దానిని పట్టుటకు టోనీ టరాస్కో గోడకు ఆనుకొని నిలిచెను. ఇంతలో పండ్రెండేండ్ల బాలుడొకడు గోడమీదుగా తొడుగుచేయి చాచి బంతిని గ్యాలరీలోనికి లాగెను. అంపైరు రిచ్ గార్సియా దానిని హోమ్ రన్‌గా, అనగా మైదానపు హద్దు దాటిన దెబ్బగా ప్రకటించెను. స్కోరు సమమాయెను. పదునొకండవ ఇన్నింగ్స్‌లో యాంకీస్ 5–4తో గెలిచిరి. పిమ్మట చిత్రమును చూచిన అంపైరు, ప్రేక్షకుడు అడ్డు తగిలిన మాట నిజమేనని ఒప్పుకొనెను. కాని ఫలితము మారలేదు. న్యూయార్కు ప్రజలు ఆ బాలుని వీరునివలె కొనియాడిరి. బాల్టిమోర్ ప్రజలు తమకు అన్యాయము జరిగినదని వగచిరి. గెలిచినవారు మెచ్చినంత మాత్రమున తప్పు ఒప్పు కాజాలదు. ఇట్టి చిక్కులు తొలగుటకు 2008లో హోమ్ రన్‌ల విషయమున చిత్రమును తిరిగి చూచి నిర్ణయించు పద్ధతి వచ్చినది.

2003 అక్టోబరు 14వ తేదీన చికాగోలోని రిగ్లీ ఫీల్డులో జరిగినది ఇంతకంటె విచారకరము. కబ్స్ జట్టు 1908 తరువాత ప్రపంచ విజేత కాలేదు. ఆనాడు వారు ఫ్లోరిడా మార్లిన్స్ జట్టుపై ఎనిమిదవ ఇన్నింగ్స్‌లో 3–0తో ముందుండిరి. మరి ఐదుగురిని ఔటు చేసినచో తుది పోటీకి అర్హత కలుగును. అప్పుడు ఒక బంతి ప్రక్కగోడ మీదికి వచ్చెను. కబ్స్ ఆటగాడు మోయిసెస్ అలూ ఎగిరి చేయి చాచెను. గ్యాలరీలోని పలువురును చేతులు చాచిరి. వారిలో ఒకని చేతికి తగిలి బంతి జారిపోయెను. బంతి అప్పటికే గోడ దాటినది గనుక ప్రేక్షకుని తప్పు లేదని అంపైరు తీర్పు చెప్పెను. కాని తరువాత కబ్స్ ఆట చెడినది. వారి ఆటగాడే సులభమైన బంతిని జారవిడిచెను. ఒకే ఇన్నింగ్స్‌లో మార్లిన్స్ ఎనిమిది పరుగులు చేసి 8–3తో గెలిచిరి; మరునాటి ఆటయు గెలిచిరి.

జనులు తమ నిరాశనంతయు ఆ ఒక్క ప్రేక్షకునిపై కురిపించిరి. దూషించిరి, చేతిలోనున్న పానీయములను అతనిపై చిమ్మిరి. రక్షకభటులు అతని ముఖమును కప్పి వెలుపలికి కొనిపోవలసి వచ్చెను. మరునాడు అతడు క్షమాపణ చెప్పెను. ఆ పిమ్మట జనుల కంట పడక ఎన్నో ఏండ్లు మౌనముగా జీవించెను. పది చేతులు చాచినచోట ఒక చేతికి బంతి తగులుట అతని దురదృష్టము. ఒక మనిషిని వేలమంది కూడి అవమానించుట మాత్రము వారి దోషము. 2016లో కబ్స్ తుదకు ప్రపంచ విజేతలైరి. మరుసటి యేడు ఆ జట్టువారు అతనికి తమ విజయపు టుంగరమును బహూకరించిరి. తప్పు దిద్దుకొనుటకు పదునాలుగేండ్లు పట్టినది.

రెండవ హద్దు ప్రక్కవాని చేయి. 2001 అక్టోబరు 7వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్యారీ బాండ్స్ ఆ సంవత్సరపు తన 73వ హోమ్ రన్ కొట్టెను. ఒక్క సంవత్సరములో అన్ని హోమ్ రన్‌లు అంతకు ముందు ఎవరును కొట్టియుండలేదు. ఆ బంతికి గొప్ప వెల వచ్చునని ఎల్లరకు తెలియును. బంతి ఒకని తొడుగులో పడెను. మరుక్షణమే జనులు అతనిపై విరుచుకుపడి నేల కూల్చిరి. ఆ తొక్కిడిలో బంతి జారెను. తానును త్రోపుడుపడి క్రింద పడిన వేరొకనికి అది దొరికెను. ఇరువురును బంతి నాదనిరి. వివాదము న్యాయస్థానమునకు పోయెను. మొదటివాడు బంతిని పూర్తిగా పట్టెనో లేదో తేలలేదు. జనులు మీద పడకున్న పట్టియుండెడివాడేమో. రెండవవాడు ఏ దౌర్జన్యమును చేయలేదు. కావున ఇరువురకును సమానమైన హక్కు కలదనియు, బంతిని అమ్మి సొమ్మును చెరిసగము పంచవలెననియు 2002 డిసెంబరులో న్యాయమూర్తి కెవిన్ మెకార్తీ తీర్పునిచ్చెను. మరుసటి యేడు ఆ బంతి 450,000 డాలర్లకు అమ్ముడుపోయెను. అసలు దోషులు మీదపడి కుమ్మిన జనులు. వారిలో నెవరికిని శిక్ష లేదు. చట్టము సొమ్మును పంచగలదు గాని మర్యాదను నేర్పజాలదు.

మూడవ హద్దు ప్రాణరక్షణ. బేస్‌బాల్ బంతి సుమారు 145 గ్రాముల బరువు గల గట్టి బంతి. బ్యాటు తగిలినప్పుడు అది గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగముతో రాగలదు. కన్ను అటు తిప్పునంతలో వచ్చి తాకును. అందుచేత ముందువరుసలలో కూర్చున్నవారు ఆట జరుగుచున్నంతసేపు బంతిమీదనే దృష్టి నిలుపవలెను. చంకలో పసిబిడ్డ నుంచుకొని బంతి కొరకు చేయి చాచుట అవివేకము. 2011 జూలై 7వ తేదీన టెక్సాస్ రాష్ట్రములోని ఆర్లింగ్టన్‌లో ఒక ఆటగాడు స్నేహభావముతో గ్యాలరీవైపు బంతిని విసరెను. చిన్న కుమారునితో వచ్చిన తండ్రి దానికొరకు కంచెమీదుగా వంగి, సుమారు ఇరువది అడుగుల లోతునకు పడి మరణించెను. మరుసటి సంవత్సరము అచట తండ్రీకుమారుల విగ్రహమును నెలకొల్పిరి. కంచెల యెత్తును పెంచిరి. 2020 నాటికి ముప్పది ప్రధాన జట్లును తమ స్టేడియములలో రక్షణవలలను పొడిగించుటకు పూనుకొనినవి.

ఈ హద్దులకు లోబడి బంతిని పట్టినవాడు ఏమి చేయవలెను? ఉంచుకొనుటకు అతనికి పూర్ణమైన హక్కు కలదు. కాని సమీపమున బాలుడో బాలికయో ఉన్నచో, పెద్దవారు బంతిని వారి చేతిలో పెట్టుట చక్కని సంప్రదాయముగా పాటింపబడుచున్నది. ఇది నియమము కాదు. ఎవరును బలవంతము చేయరాదు. ఆటగాడు ఒక బిడ్డను చూచి విసరిన బంతిని నడుమ చేయి పెట్టి అందుకొనుటను మాత్రము ఎల్లరును గర్హింతురు. అట్లే, ఒక ఆటగాని జీవితములో ముఖ్యమైన బంతి దొరికినచో దానిని అతనికే తిరిగి యిచ్చువారు పలువురు కలరు.

2011 జూలై 9వ తేదీన, ఆర్లింగ్టన్ దుర్ఘటనకు రెండు దినముల తరువాత, న్యూయార్కులో డెరెక్ జీటర్ తన మూడువేలవ హిట్టును హోమ్ రన్‌గా కొట్టెను. పదునేనేండ్ల క్రిందట ఒక బాలుడు గోడమీదుగా లాగిన బంతిని కొట్టినవాడును ఇతడే. ఈమారు బంతి ఒక యువకునికి దొరికెను. దానిని అమ్మినచో అతనికి చాల ధనము లభించియుండెడిది. అతడు ఏమియు బేరము చేయక, ఆ బంతి జీటర్‌కు చెందవలసినదని తలచి ఇచ్చివేసెను. జట్టువారు అతనికి సంతకములు చేసిన బ్యాట్లను, దుస్తులను, ఆటలు చూచుటకు మంచి స్థలములను కానుకగా ఇచ్చిరి. అతడు వానిని కోరి ఇచ్చినవాడు కాడు. ఇచ్చిన తరువాత పొందినవాడు.

న్యాయస్థానములు బంతిపై ప్రేక్షకునికి హక్కు నిచ్చినవి. నియమములు గోడవద్ద గీత గీసినవి. కాని వేలమంది క్రిక్కిరిసి కూర్చున్నచోట, బంతి మీదికి వచ్చు ఆ రెండు మూడు క్షణములలో, చట్టము ఎవరి చేతిని పట్టి ఆపజాలదు. అప్పుడు ప్రక్కనున్న బిడ్డను త్రోయకుండ నిలుచుటయు, దొరకనప్పుడు ప్రక్కవానిని మెచ్చుకొనుటయు, పొరబడినవానిని కరుణించుటయు ఎవరికి వారు నేర్చుకొనవలసిన గుణములు. మైదానములో ఆడువారికి క్రీడాధర్మము ఎట్లు కలదో, చూచువారికిని అట్లే కలదు.

(సమాప్తము)