మళ్ళీ మళ్ళీ వెలిగే చెక్ ఇంజను దీపం: ఆక్సిజన్ సెన్సారు లోపాన్ని పరీక్షించే పద్ధతి

సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, వాహనాల బాధ్యత చూచే సిబ్బంది ఈ పాఠాన్ని శ్రద్ధగా చదివి, తమ డ్రైవర్లకు కూడా వివరించవలసిందిగా కోరుతున్నాను.

లాక్టోమీటరు రీడింగు తగ్గిందనుకోండి. వెంటనే దానిని పారవేసి కొత్తది కొంటామా? కొనము. ముందు పాలను చూస్తాము. నీళ్ళు కలిసి ఉండవచ్చు. పాలు వెచ్చగా ఉండవచ్చు. సరిగా కలియబెట్టకుండా నమూనా తీసి ఉండవచ్చు. ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలిన తరువాతనే పరికరాన్ని అనుమానిస్తాము. పాల విషయంలో మనకు బాగా తెలిసిన ఈ సూత్రాన్ని వాహనం దగ్గరకు వచ్చేసరికి మరచిపోతున్నాము. నేనూ మరచినవాడినే.

జరిగిన సంగతి

ఒక సంఘం లెక్కలు తనిఖీ చేస్తుండగా, నమూనాలు, దాణా బస్తాలు చేరవేసే చిన్న పెట్రోలు వ్యానుకు పధ్నాలుగు నెలల్లో మూడుసార్లు ఆక్సిజన్ సెన్సారు కొన్నట్లు ఓచర్లు కనిపించాయి. ఒక్కొక్కటి సుమారు 4,000 రూపాయలు. ఒకే సామాను మూడుసార్లు ఎందుకని అభ్యంతరం వ్రాశాను. పాలకవర్గం ఆ మొత్తాన్ని డ్రైవరు జీతం నుండి రాబట్టడానికి సిద్ధపడింది. మరునాడు ఆ డ్రైవరు పాత సెన్సార్లను గుడ్డలో మూటగట్టి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. “సార్, దీపం ఆరిన వారం పది రోజులకే మళ్ళీ వెలుగుతోంది. మెకానిక్కు మార్చమన్నాడు, మార్చాం. ఇందులో నేను తిన్నదేముంది?” అన్నాడు. అతని మాటలో అబద్ధం ఉన్నట్లు నాకు తోచలేదు.

సెన్సారు చేసే పని

ఒక కిలో పెట్రోలు సరిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ పాళ్ళు కుదిరాయో లేదో ఇంజను నుండి వెలువడే పొగలోని ఆక్సిజన్‌ను బట్టి తెలిపేదే ఆక్సిజన్ సెన్సారు. దీనిని బాష్ కంపెనీ 1976లో కార్ల కొరకు ఉత్పత్తి చేయనారంభించింది. మన దేశంలో భారత్ స్టేజ్ 6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చాయి. ఇప్పటి పెట్రోలు కార్లు, వ్యాన్లలో సాధారణంగా ఇటువంటి సెన్సార్లు రెండు ఉంటాయి. కెటలిటిక్ కన్వర్టరుకు ముందున్నది పాళ్ళను చూస్తుంది. వెనుకనున్నది కన్వర్టరు పనితీరును చూస్తుంది.

జిర్కోనియాతో చేసిన సాధారణ సెన్సారు, పొగలో ఆక్సిజన్ ఎక్కువైతే సుమారు 0.1 వోల్టు, తక్కువైతే 0.9 వోల్టు చూపుతుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితేనే ఇది సరిగా పనిచేస్తుంది. అందుకొరకే లోపల ఒక చిన్న హీటరు అమర్చి ఉంటుంది. కొన్ని కొత్త వాహనాలలో వేరు రకపు సెన్సార్లు ఉన్నాయి. వాటికి ఈ వోల్టు లెక్క వర్తించదు.

అసలు కారణం దొరికిన విధం

నేను మెకానిక్కును కాను. నాకు తెలిసిన పని ఓచర్లను తేదీల వరుసలో పేర్చడం. అట్లు పేర్చి చూడగా, మొదటి సెన్సారుకు నెల రోజుల ముందు సైలెన్సరు మార్చిన బిల్లు కనిపించింది. అందులో గాస్కెట్ లేదు. అనగా గొట్టం విప్పి, పాత గాస్కెట్‌తోనే తిరిగి బిగించారన్నమాట. అప్పటినుండే మైలేజీ తగ్గినట్లు లాగ్ బుక్కు కూడా చెప్పుచున్నది.

వేరొక మెకానిక్కు చేత వ్యానును పైకెత్తించి చూపించాము. గొట్టం కీలు వద్ద నల్లని మసి చార ఉన్నది. సెన్సారు దానికి జానెడు దిగువన ఉన్నది. ఇంజను పొగను ఒకే ధారగా కాక, దెబ్బలు దెబ్బలుగా నెట్టుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య గొట్టంలో పీడనం తగ్గినప్పుడు ఆ సందులోనుండి బయటి గాలి లోపలికి పోతుంది. గాలిలో ఐదో వంతు ఆక్సిజనే గదా! సెన్సారు చూచినది చూచినట్లే చెప్పింది. కంప్యూటరు దానిని నమ్మి పెట్రోలు ఎక్కువ పోసింది. నమూనా సీసాలో దారిలో నీళ్ళు పడితే రైతుకు ఏ అన్యాయం జరుగుతుందో, ఇక్కడ సెన్సారుకూ డ్రైవరుకూ అదే జరిగింది. కొత్త గాస్కెట్ వేసిన తరువాత దీపం తిరిగి వెలగలేదు. నా అభ్యంతరాన్ని నేనే వ్రాతపూర్వకంగా ఉపసంహరించుకున్నాను.

పరీక్షించవలసిన వరుస

1. స్కానరులో కనిపించిన కోడును చెరిపివేయకముందే వ్రాసి ఉంచవలెను. కోడు చెరిపితే దీపం ఆరుతుంది, లోపం పోదు. చాలా వాహనాలలో వరుసగా రెండు మూడు ప్రయాణాలలో లోపం కనిపించిన తరువాతనే దీపం వెలుగుతుంది. కనుక రెండు రోజులు ఆరి ఉన్నంత మాత్రాన మరమ్మతు అయినట్లు కాదు.

2. కోడు దేనిని గురించో చూడవలెను. పి 0135 వంటిది హీటరు సర్క్యూటుకు సంబంధించినది. ముందు ఫ్యూజు, తరువాత వైరు, కనెక్టరు చూడవలెను. ఫ్యూజు పదే పదే పోతుంటే వైరు వేడి గొట్టానికి తగిలి కాలిందేమో చూడవలెను. నాలుగు తీగల సెన్సారులో ఒకే రంగున్న రెండు తీగలు సాధారణంగా హీటరువి.

3. పి 0131, పి 0171 వంటివి తక్కువ వోల్టేజీని, గాలి ఎక్కువైనదనడాన్ని తెలుపుతాయి. అప్పుడు ముందుగా సెన్సారుకు పైనున్న గొట్టం కీళ్ళను పరీక్షించవలెను. ఇంజను చల్లగా ఉన్నప్పుడు సైలెన్సరు చివరనుండి బ్లోయరుతో మెల్లగా గాలి పంపి, కీళ్ళమీద సబ్బు నీరు పూస్తే లీకు ఉన్నచోట బుడగలు వస్తాయి.

4. తరువాత ఇంజనులోకి గాలి పోయే రబ్బరు గొట్టాలను చూడవలెను. కంప్యూటరు అదనంగా పోస్తున్న పెట్రోలు ఐడిలింగులో ఎక్కువగా ఉండి, 2,500 తిరుగుళ్ళ వద్ద తగ్గితే ఇక్కడ లీకున్నదని అనుమానించవచ్చును. రెండు చోట్లా ఎక్కువగానే ఉంటే పెట్రోలు పంపు, ఫిల్టరు చూడవలెను.

5. ఇవన్నీ సరిగా ఉండి, వేడెక్కిన తరువాత కూడా ముందు సెన్సారు వోల్టేజీ ఎక్కువ తక్కువలకు చురుకుగా మారకుంటే అప్పుడు సెన్సారు మార్చవలెను.

6. కొత్త సెన్సారు కూడా త్వరగా చెడుతుంటే కారణం వెదకవలెను. ఇంజను ఆయిలు మండడం, కూలెంటు లోపలికి కారడం, సిలికోన్ సీలెంటు ఆవిరి సెన్సారును పాడుచేస్తాయి.

జాగ్రత్తలు: సెన్సారు మొనకు గ్రీజు, నూనె తగలనీయరాదు. పెట్రోలుతో కడగరాదు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు, ఆ పొగ ప్రాణాంతకం.

రికార్డులో ఉండవలసినవి

మరమ్మతు ఓచరు మీద కోడు నంబరు, కిలోమీటరు రీడింగు, చేసిన పరీక్షలు వ్రాయించి, మార్చిన పాత సామానును ఆడిట్ పూర్తయ్యే వరకు దాచవలెను. ఆ డ్రైవరు పాత సెన్సార్లను దాచి ఉండకపోతే మేమెవ్వరమూ అతని మాట వినేవారము కాము.

సమీక్షా ప్రశ్నలు

1. కోడు చెరిపిన తరువాత దీపం కొన్నాళ్ళు ఎందుకు వెలగదు?
2. గొట్టం లీకు వలన సెన్సారు రీడింగు ఎందుకు మారుతుంది?
3. మీ సంఘం వాహనపు గత సంవత్సరం ఓచర్లను తేదీల వరుసలో పేర్చి చూడండి. ఒకే సామాను రెండుసార్లు మార్చారా? దానికి ముందు ఏ మరమ్మతు జరిగింది?