మైకు సెట్టునకు నిలుకడైన వోల్టేజి

గ్రామసభ పంచాయతీ పాలనకు ప్రాణము. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చి, గ్రామసభకు రాజ్యాంగములో స్థానము కల్పించినది. కాని సభలో చదివిన జమాఖర్చులు చివరి వరుసలోని వారికి వినబడనిచో ఆ స్థానము కాగితమునకే పరిమితమగును. మాటను మింగివేయు మైకు హోరును తగ్గించుటకు ఉపకరించు ఒక చిన్న సాధనమును గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మేలు.

హోరు ఎచటినుండి వచ్చును?

మన ఇండ్లకు వచ్చు 230 వోల్టుల కరెంటు సెకనుకు 100 మారులు దిశ మార్చుకొనును. దానిని ట్రాన్స్‌ఫార్మరుతో తగ్గించి, నాలుగు డయోడుల వంతెనతో ఒకే దిశకు మరల్చిన పిదప కూడ సెకనుకు 100 మారులు లేచి పడు చిన్న అల మిగిలియుండును. మైకు మాటను తొలుత పెద్దది చేయు ప్రీ యాంప్లిఫయరులో ఈ అల చేరినచో, మాటతోపాటు అదియు పెరిగి హోరుగా వినబడును. పొలములలో మోటార్లు నడచునపుడు వోల్టేజి పడిపోవుట మరియొక చిక్కు.

ముందుగా మైకు తీగను ఊడదీసి చూడవలెను. హోరు ఆగినచో దోషము తీగలోనో, మైకులోనో ఉన్నదనుకొనవచ్చును. ఆగనిచో విద్యుత్ సరఫరాను అనుమానింపవచ్చును.

పనిచేయు విధము

చెరువులో నీరు పెరిగినను తరిగినను నీరుగంటి తూమును సవరించుచు కాలువలో మట్టమును ఒకే తీరున నిలుపును. రెగ్యులేటరు పనియు అట్టిదే. ఇందు ట్రాన్సిస్టరు తూము వంటిది. జీనరు డయోడు మట్టమును చూపు కొలతరాయి వంటిది. ట్రాన్సిస్టరును 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనుగొనిరి.

13 వోల్టుల జీనరు బేసును ఆ వోల్టేజి వద్దనే నిలుపును. ఎమిటరు వద్ద అంతకన్న సుమారు 0.7 వోల్టు తక్కువగా, అనగా 12.3 వోల్టులు లభించును.

కావలసిన వస్తువులు

15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడులు, 2200 మైక్రోఫారడుల 35 వోల్టుల కెపాసిటరు, బి.డి.139 ట్రాన్సిస్టరు, 13 వోల్టుల 1 వాటు జీనరు, 470 ఓముల అర వాటు రెసిస్టరు, 100 మైక్రోఫారడుల 25 వోల్టుల కెపాసిటర్లు రెండు, చిన్న అల్యూమినియము రేకు. ఈ కూర్పు 100 మిల్లీ ఆంపియర్ల వరకు చాలును. పెద్ద యాంప్లిఫయరునకు ఇది చాలదు. ప్రీ యాంప్లిఫయరునకు మాత్రమే వాడదగినది.

కూర్చు పద్ధతి

వంతెననుండి వచ్చు ధన, ఋణ కొనల నడుమ పెద్ద కెపాసిటరును కలుపవలెను. ధన కొనను ట్రాన్సిస్టరు కలెక్టరునకు చేర్చి, అచటినుండియే 470 ఓముల రెసిస్టరును బేసునకు కలుపవలెను. జీనరు గీత గల కొనను బేసునకు, రెండవ కొనను ఋణ కొనకు కలుపవలెను. ఒక చిన్న కెపాసిటరు జీనరునకు అడ్డముగా, రెండవది ఎమిటరునకు ఋణ కొనకు నడుమ ఉండవలెను. కెపాసిటర్ల ధన, ఋణ గుర్తులు తారుమారు కారాదు. ఎమిటరునుండియే ప్రీ యాంప్లిఫయరునకు కరెంటు పోవును. ఇట్లు చేసినచో ఇందాకటి అల సుమారు నలుబదవ వంతునకు తగ్గును. సరఫరా 190 వోల్టులకు పడిపోయినను పని సాగును. అంతకన్న బాగుగ తగ్గినచో నిలుకడ చెడును.

పరీక్ష, జాగ్రత్తలు

ముందు మీటరుతో 12 వోల్టులకు అటునిటుగా వచ్చుచున్నదేమో చూడుడు. పిదప 120 ఓముల 2 వాట్ల రెసిస్టరును భారముగా కలిపినపుడు వోల్టేజి అర వోల్టుకు మించి తగ్గరాదు. ట్రాన్సిస్టరు వేడెక్కును గనుక దానిని రేకునకు బిగింపవలెను. దాని లోహభాగము కలెక్టరునకు కలిసియుండును గనుక పెట్టెకు తగులకుండ నడుమ అభ్రకపు పలుకను ఉంచవలెను. బయటి తీగలు ఒకదానికొకటి తగిలినచో, ఫ్యూజు కాలుటకు ముందే ట్రాన్సిస్టరు చెడవచ్చును. ఈ భయము వలదనువారు నేడు దొరకు 7812 అను మూడు కాళ్ల చిప్పును వాడవచ్చును. దానిలో ఆ రక్షణ కలదు.

230 వోల్టుల వైపు పనిని లైసెన్సు గల ఎలక్ట్రీషియను మాత్రమే చేయవలెను. ఫ్యూజు, ఎర్తు తప్పనిసరి. ప్లగ్గు తీసిన పిదప కూడ కెపాసిటరులో కరెంటు కొంతసేపు నిలిచియుండునని మరువరాదు.

గ్రామములో ఐ.టి.ఐ. చదివిన యువకులున్నచో ఈ పనిని వారికి ఒప్పగింపవచ్చును. పని ముగిసిన పిదప సభాస్థలిలో చివరి వరుసన ఒకరిని నిలిపి, జమాఖర్చులలోని ఒక పద్దును మైకులో చదివి, వారు విన్నదానిని తిరిగి చెప్పించుడు. అంకెలు తప్పక వచ్చినచో, గ్రామసభకు మీరు చేయదగిన సేవలలో ఒకటి నెరవేరినట్లే.