మెక్సికో నగరంలో ఏది ముందు, ఏది తరువాత చూడాలి?



పిల్లలను విజ్ఞానయాత్రకు పంపాలంటే తల్లిదండ్రులు మొదట అడిగేది ఖర్చెంత అని. 36 ఏళ్ళు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి, ఆ ప్రశ్న తప్పని నేనెలా అంటాను? అయితే ఖర్చుకు ఎదురుగా జమ కూడా రాయాలి కదా. ఒక్క రోజులో ఎనిమిది చోట్లు తిప్పే బస్సు ఎక్కితే ఫొటోలు మిగులుతాయి, జమ వైపు రాయడానికి ఏమీ ఉండదు. 2025 జనవరిలో మెక్సికో నగరంలో మా అమ్మాయి వాళ్ళింట్లో మూడు వారాలున్నాను. ఆ ఊరినే పాఠంగా తీసుకుని, ఒక పెద్ద నగరాన్ని ఏ వరసలో చూస్తే చదువుగా మారుతుందో చెబుతాను.

ముందు భూగోళం. నగరం సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. మన ఊటీ ఎత్తు కూడా దాదాపు అంతే. మొదటి రోజు మెట్లెక్కే పని పెట్టుకోకూడదు. ఇప్పుడు ఊరున్న చోట ఒకప్పుడు టెష్కోకో అనే సరస్సు ఉండేది. అందులోని దీవి మీద మెషికా ప్రజలు 1325లో టెనోచ్‌టిట్లాన్ నగరం కట్టుకున్నారని చెబుతారు. పాఠ్యపుస్తకాల్లో అజ్‌టెక్కులని రాసేది వీళ్ళనే. 1521 ఆగస్టు 13న అది స్పెయిన్ సేనాని ఎర్నాన్ కోర్టెస్ వశమయింది. ఆ శిథిలాల మీదనే, చాలావరకు ఆ రాళ్ళతోనే కొత్త నగరం లేచింది. సరస్సును తరువాతి శతాబ్దాల్లో ఎండగట్టారు. ఈ సంగతులు తెలియకుండా తిరగడమంటే ప్రారంభ నిల్వ వేయకుండా లెడ్జరు కూడటమే. అడుగున మెత్తటి బంకమట్టి, దాని కిందినుంచి నీళ్ళు తోడేస్తున్నారు, అందుకే ఊరు కుంగుతోంది. 1910లో కట్టిన స్వాతంత్ర్య స్తంభం చుట్టూ నేల దిగిపోతే, దాన్ని అందుకోవడానికి తరువాత 14 మెట్లు అదనంగా కట్టవలసి వచ్చింది.

ఇక వరస. వయసులో పెద్దది ముందు. నగరానికి ఈశాన్యంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో టియోతివాకాన్ ఉంది. అక్కడి సూర్య పిరమిడ్ ఎత్తు దాదాపు 65 మీటర్లు. దాన్ని అజ్‌టెక్కులు కట్టారని చాలామంది అనుకుంటారు. వాళ్ళు వచ్చేనాటికి అది పాడుబడి కొన్ని శతాబ్దాలయింది. వాళ్ళు కూడా మనలాగే చూడటానికి వెళ్ళినవాళ్ళు. పేరు మాత్రం వాళ్ళు పెట్టిందే.

రెండవది ఊరి నడిబొడ్డున ఉన్న టెంప్లో మయోర్, అంటే పెద్ద గుడి. 1978 ఫిబ్రవరిలో విద్యుత్ సంస్థ కార్మికులు తవ్వుతుంటే, చంద్రదేవత కొయొల్‌షౌకి చెక్కి ఉన్న గుండ్రటి రాయి బయటపడింది. అడ్డం మూడు మీటర్ల పైమాటే. ఆ తరువాత ఎదువార్దో మాతోస్ మొక్తెసూమా నాయకత్వంలో తవ్వకాలు సాగాయి. పాత గుడిని పడగొట్టకుండా దాన్ని లోపల ఉంచి పైన పెద్దది కట్టడం వారి పద్ధతి. అందుకే ఒకదాని లోపల ఒకటిగా పొరలు కనబడతాయి. పక్కనే స్పానిష్ వారి కెథడ్రల్. ఇక్కడ దొరికిన వస్తువులు చూడటానికి అక్కడే మ్యూజియం ఉంది, తొందరపడకండి.

మూడవ చోటు ట్లాటెలోల్కో. టియోతివాకాన్ వెళ్ళే బస్సులు కొన్ని దారిలో ఇక్కడ ఆగుతాయి. మా బస్సు ఇరవై నిమిషాలు ఆపింది. నాకు చాలలేదు, మరో రోజు మెట్రోలో మళ్ళీ వెళ్ళాను. మెషికాల గుడి పునాదులు, స్పానిష్ కాలపు చర్చి, 20వ శతాబ్దపు అపార్టుమెంట్లు, మూడూ ఒకే మైదానంలో ఉన్నాయి. ఒకప్పుడు ఇది వాళ్ళ పెద్ద సంత. చిల్లరగా కకావ్ గింజలు చెల్లేవి. గింజ పొట్టులో పిండీ మైనమూ కూరి నకిలీలు తయారుచేసేవారట! ఇది చదివి నేను మా క్యాష్ కౌంటరును తలచుకుని నవ్వుకున్నాను.

ఈ సంగతులు మనకెలా తెలిశాయి? స్పానిష్ వాళ్ళు 1536లో ఇక్కడే స్థానిక పిల్లల కోసం ఒక కళాశాల తెరిచారు. అక్కడ చదివినవాళ్ళు తమ నవాట్ల్ భాషతో పాటు స్పానిష్, లాటిన్ నేర్చారు. బెర్నార్దినో దె సాహగున్ అనే మతగురువు వాళ్ళ సహాయంతో 12 భాగాల గ్రంథం తయారుచేశాడు. ఒక పక్క నవాట్ల్, ఒక పక్క స్పానిష్. ఇంటి భాషను వదలకుండా కొత్త భాష నేర్చిన ఆ విద్యార్థులే లేకపోతే మనకు మెషికాల గురించి తెలిసినది చాలా తక్కువ ఉండేది.

అదే మైదానంలో 1968 అక్టోబరు 2 సాయంత్రం, ఒలింపిక్స్‌కు పది రోజుల ముందు, సభకు చేరిన విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి. ఎంతమంది చనిపోయారన్నది ఈనాటికీ తేలలేదు. అప్పుడు ఢిల్లీలో మెక్సికో రాయబారిగా ఉన్న కవి ఒక్తావియో పాస్ నిరసనగా ఆ పదవి వదిలేశారు. 1990లో ఆయనకే నోబెల్ బహుమతి వచ్చింది. పిల్లలకు ఇవన్నీ ఎందుకండీ అని మాతో వచ్చిన ఒకాయన అన్నారు. హైస్కూలు పిల్లలకు చెప్పాలనే నా అభిప్రాయం. అక్కడ చనిపోయిన వాళ్ళలో వాళ్ళ ఈడువాళ్ళు ఉన్నారు. పక్కనే విశ్వవిద్యాలయం వారు నడిపే స్మారక మ్యూజియం ఉంది.

చివరిది విద్యాశాఖ భవనం. 1910 విప్లవం తరువాత, చదువురాని జనానికి గోడలే పుస్తకాలు కావాలని ప్రభుత్వం చిత్రకారులకు డబ్బిచ్చి బొమ్మలు వేయించింది. దియెగో రివేరా 1923 నుంచి 1928 దాకా ఇక్కడ పనిచేశాడు. రొట్టె విరిచి పంచుతున్న మనిషి బొమ్మ దగ్గర ఆగి చూడండి. ఆయన మన వార్ధాలో పుట్టిన పాండురంగ ఖాన్‌ఖోజే. గదర్ పార్టీ విప్లవకారుడు, తరువాత మెక్సికోలో వ్యవసాయం బోధించి మొక్కజొన్న, గోధుమల మీద పరిశోధించినవాడు.

మ్యూజియాలు చాలావరకు సోమవారం మూస్తారు, ముందే చూసుకోండి. రోజుకొక చోటు చాలు. రాత్రి పడుకునేముందు ఒక పేజీ రాయించండి.

వెళ్ళలేని పిల్లలకు ఇంటి పని: 1325, 1521, 1536, 1968, 1978 సంవత్సరాలను ఒక గీత మీద గుర్తించి, ఎదురుగా మన దేశంలో అప్పుడేం జరుగుతోందో రాయండి. తరువాత వంటింట్లోకి వెళ్ళి మిరపకాయ, టొమాటో, మొక్కజొన్న ఏ ఖండం నుంచి మనకొచ్చాయో అమ్మమ్మను అడగండి. ఆవిడ నమ్మకపోతే అట్లాసు చూపించండి.