గాలిలో దొరికేవి, దొరకనివి – మూలకాల మొదటి పాఠం

ఒకే రకం పరమాణువులున్న పదార్థమే మూలకం. ఆవర్తన పట్టికలో నత్రజని నంబరు 7, భాస్వరం 15, పొటాషియం 19.

గాలిలో 78 శాతం నత్రజనే. కానీ దాని పరమాణువులు జంటగా గట్టిగా అతుక్కుని ఉంటాయి, మొక్క విడదీయలేదు. ఆ పని పెసర, మినుము, జనుము వేరు బుడిపెల్లోని రైజోబియం చేస్తుంది. వీడియోలో చూపినట్టు బుడిపె కోసి చూడండి, లోపల ఎర్రగా ఉంటే పని జరుగుతున్నట్టే.

భాస్వరం, పొటాష్ గాలి నుంచి రావు. సూక్ష్మజీవులు మట్టిలో ఉన్నవాటిని కరిగించి ఇస్తాయి గానీ కొత్త పరమాణువును పుట్టించలేవు. వరి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉంటుంది. గడ్డి అమ్మేస్తే అది పొలం దాటిపోయినట్టే. కాలిస్తే నత్రజని పొగలో పోతుంది. పశువులకు వేస్తే మాత్రం పేడ, మూత్రం రెండూ మళ్లీ మన చేలోకే చేరాలండి.