ఆసుపత్రికి దారి గుమ్మం దగ్గరే మొదలవుతుంది

ఈ సంచికలో మన ఇళ్లలోని పెద్దవాళ్ల గురించి ఒక పాఠం చదువుకుందాం. మందులు ఎంత మంచివైనా, పెద్దవాళ్లు ఆసుపత్రికి రాలేకపోతే అవి అక్కరకు రావు. వైద్యం చేయించుకొని ఇంటికి వెళ్లాక పగలంతా ఒంటరిగా ఉండిపోతే ఆ వైద్యం సగంలో ఆగిపోతుంది. ఈ రెండు లోట్లనూ మామూలు పల్లె కూడా తీర్చుకోగలదు. దానికి కావలసినవి ఒక నోటుపుస్తకం, ఒక ఆటో, ఒక గది.

దూరం ఎక్కడ ఉంది?

మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె వంటి మన కోస్తా ఊళ్లు సముద్రాన్ని నమ్ముకొని వెలిసినవి. ఒకప్పుడు ఈ తీరానికి బకింగ్‌హాం కాలువ పడవలే పెద్ద దారి. ఇప్పుడు బస్సులు, షేర్ ఆటోలు ఉన్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రపు ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. 60 ఏళ్లు దాటిన మగవాళ్లకు ఆర్టీసీలో 25 శాతం రాయితీ ఉంది. వయసు, చిరునామా తెలిపే కార్డు వెంట ఉంచుకుంటే చాలు.

టికెట్టు బాధ తగ్గినా నడక బాధ తగ్గలేదు. ఇంటి నుంచి బస్సు ఆగే చోటికి నడవాలి, ఎత్తయిన మెట్టు ఎక్కాలి, తిరుగు బస్సు కోసం ఎండలో నిలబడాలి. అరిగిన మోకాళ్లకు అసలు దూరం అదే. తోడు వెళ్దామంటే కొడుకు వేట మానుకోవాలి, కోడలు ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి. అది చూసి పెద్దవాళ్లే "ఇప్పుడు బాగానే ఉందిలే, వచ్చే నెల పోదాం" అంటారు. వాళ్లు అలా అన్నారంటే ఒంట్లో బాగుందని కాదు, ఇంటికి భారం కాకూడదని.

వాయిదా వేస్తే ఏమవుతుంది?

బి.పి. పెరిగినా చాలామందికి ఏ నొప్పీ ఉండదు. అందుకే మాత్రలు అయిపోయినా తొందర అనిపించదు. లోపల మాత్రం రక్తనాళాలు దెబ్బతింటూనే ఉంటాయి. పక్షవాతానికి అన్నిటికన్నా పెద్ద కారణం అదుపులో లేని బి.పి.యే. షుగరు మందు ఆగితే కాలి పుండు మానదు, చూపు తగ్గుతుంది, మూత్రపిండాలు చెడతాయి.

మూతి ఒక పక్కకు పోయినా, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు ఊరి ఆటో కోసం చూడకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. మన రాష్ట్రంలో ఈ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. కాబట్టి మనిషి ఆఖరిసారి బాగున్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకొని డాక్టరుకు చెప్పండి. నోట్లో నీళ్లు గానీ మాత్ర గానీ వేయకండి.

ఆటో వరుస

సువార్తలో పక్షవాయువు గల మనిషిని నలుగురు మోసుకొచ్చిన సంగతి మనకు తెలిసిందే. అతను తనంతట తాను రాలేడు, ఒక్కరు తేవడమూ కష్టమే. నలుగురు తలా ఒక మూల పట్టుకున్నారు. మన ఊరిలోనూ అలాగే పని పంచుకోవచ్చు.

మొదట సాయం లేకుండా బస్సు ఎక్కలేని వాళ్ల పేర్లు ఒక పుస్తకంలో రాయండి. పేరు పక్కన జబ్బు, వాడే మందులు, మళ్లీ చూపించుకోవలసిన తేదీ, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు ఉండాలి. ఒకే వారంలో రావలసిన ముగ్గురిని ఒకే రోజుకు కలపండి. తెలిసిన ఆటో అతనితో రాకపోకలకూ, ఆగి ఉండడానికీ కలిపి ముందే బాడుగ మాట్లాడుకోండి. ముగ్గురు పంచుకుంటే ఎవరికీ బరువు కాదు. ముగ్గురికీ ఒక్క తోడు మనిషి చాలు కాబట్టి మిగతా రెండిళ్లవాళ్లు పనికి వెళ్లవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది, ఇళ్లలో డబ్బు ఆడదు. ఆ రెండు నెలల బాడుగ కోసం ముందు నుంచే కొద్దికొద్దిగా కూడబెట్టుకోండి.

ప్రతి నెలా అందరూ ఆసుపత్రికే రానక్కరలేదు. 104 వాహనం మీ ఊరికి ఏ రోజు వస్తుందో ఆశా కార్యకర్తను అడిగి అదే పుస్తకంలో రాసుకోండి.

ప్రయాణంలో జాగ్రత్తలు

దారిలో మూత్రానికి ఇబ్బందని పెద్దవాళ్లు నీళ్లు తాగకుండా బయలుదేరతారు. ఎండలో ఇది ప్రమాదం. నీళ్లు తాగించి, దారిలో ఎక్కడ ఆపాలో ముందే అనుకోండి. పరగడుపున రక్తపరీక్ష ఉంటే షుగరు మందు సంగతి ముందుగా డాక్టరును అడగండి. పరీక్ష కాగానే తినడానికి ఇడ్లీయో రొట్టెయో వెంట తీసుకెళ్లండి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే, మెలకువగా ఉండి మింగగలిగితే, వెంటనే చక్కెర ఇవ్వండి. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు పెట్టించండి. షేర్ ఆటోలో అంచున కూర్చోబెట్టకండి.

పగటి ఇల్లు

మన వాళ్లు చాలామంది వైద్యానికి వెళ్లే వేలూరును మన పెద్దలు రాయవేలూరు అంటారు. అక్కడ డాక్టర్ ఐడా స్కడర్ రోగులు వచ్చేదాకా ఆగకుండా తానే గుడియాత్తం దారిలో వెళ్లి, రోడ్డు పక్కన ఆగి వైద్యం చేసేవారు. ఆ ఆసుపత్రికి చెందిన రూషా విభాగం కె.వి. కుప్పం ప్రాంతపు పల్లెల్లో వృద్ధుల కోసం పగటి కేంద్రాలు పెట్టింది. పెద్దవాళ్లు పగలు అక్కడికి వచ్చి, కలిసి భోంచేసి, సాయంత్రం తమ ఇంటికే వెళతారు. ఇది వృద్ధాశ్రమం కాదు, ఎవరినీ ఇంటి నుంచి వేరు చేయదు.

మన ఊరిలో సంఘ మందిరపు వరండా గానీ, అందరూ వాడుకునే తుఫాను షెల్టరు గానీ వారానికి రెండు రోజులు తెరిస్తే సరిపోతుంది. జారని నేల, చేతులున్న కుర్చీలు, దగ్గరలో మరుగుదొడ్డి, తాగునీరు ఉండాలి. మధ్యాహ్నం అందరితో కలిసి భోజనం, కూర్చొని చేసే కాళ్లూ చేతుల వ్యాయామం, బి.పి. చూడడం, మాత్రలు లెక్కపెట్టడం చేయవచ్చు. ఇంట్లో రెండు ముద్దలతో లేచే అవ్వ పదిమందిలో కూర్చుంటే కడుపునిండా తింటుంది. రోజూ వచ్చే తాత రాకపోతే ఆ పూటే ఎవరో ఒకరు వెళ్లి చూస్తారు. రోహిణి కార్తె ఎండల్లో ఇలాంటి చల్లని గది ప్రాణాలు నిలబెడుతుంది.

తుఫానుకూ అదే పుస్తకం

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. హెచ్చరిక వచ్చాక ఎవరు నడవలేరో వెతుక్కునే సమయం ఉండదు. పుస్తకం చేతిలో ఉంటే వాళ్లనే ముందుగా షెల్టరుకు చేర్చవచ్చు. అక్టోబరు మొదట్లోనే కనీసం 15 రోజుల మందులు, చీటీతో సహా, ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టండి. పెద్దవాళ్లను నిరాదరిస్తున్నట్టు తెలిసినా, మరేదైనా సాయం కావలసినా 14567కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇంట్లో, సంఘ కూడికలో మాట్లాడుకోండి

1. మన వీధిలో తోడు లేకుండా ఆసుపత్రికి వెళ్లలేనివారు ఎవరెవరు? వాళ్ల మందులు ఎప్పటికి అయిపోతాయి?
2. పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి? వాళ్లు ఊరిలో లేనప్పుడు ఎవరు చూస్తారు?
3. మనం ఏ గదిని, ఏ రెండు రోజులు తెరవగలం?
4. పెద్దవాళ్లను ఈ ప్రశ్నలు అడిగామా? వాళ్ల జవాబులనే మొదట రాసుకోండి.