పరదేశములో ఒక సంఘము

పాఠ్యభాగము: యిర్మీయా 29:4–7

చెరలోనున్న వారు తామున్న పట్టణపు మేలు కోరవలెనని యిర్మీయా వ్రాసిన పత్రికను చదువునప్పుడెల్ల, చికాగో పట్టణములో స్వీడను దేశపు వలసవారు కట్టుకొనిన ఇమ్మానుయేలు లూథరన్ సంఘము మాకు జ్ఞాపకమునకు వచ్చును.

వారు చెరపట్టబడినవారు కారు; పొలము చాలక, కూలి గిట్టక, ఓడలెక్కి వచ్చినవారు. స్వదేశములో సంఘము ప్రభుత్వపుది. గురువుగారి పోషణ చట్టప్రకారము జరిగిపోవుచుండెను. అమెరికాలో అడుగువాడు లేడు, ఇచ్చువాడు లేడు. తమ గురువును తామే పిలుచుకొని, తామే పోషించుకొనవలెను. కోతల పండుగనాడు కానుకలు లెక్కపెట్టుకొను మన గ్రామసంఘముల పెద్దలకు ఆ కష్టము వేరుగా చెప్పనక్కరలేదు.

1853 జనవరిలో హాసెల్‌క్విస్టు గారు ఆ సంఘమును ఏర్పరచిరి. ఆగష్టులో ఎర్లండ్ కార్ల్‌సన్ గారు స్వీడను నుండి కాపరిగా వచ్చిరి. నిలకడగానున్న సభ్యులు కొద్దిమందే. రైలు దిగి, కొన్నాళ్లుండి, భూమి దొరకు ఇల్లినాయిస్, అయోవా, మిన్నెసోటా పల్లెలకు పోవువారే మిక్కుటము. రేపు పోవువానికి మనమేల శ్రమపడవలెనని ఏ సంఘమునకైనను తోచును. కార్ల్‌సన్ గారు అట్లు లెక్కింపలేదు. భాష రాక మోసపోవు వారికి దారి చూపిరి, బస చూపిరి, పని వెదకిరి. 1854లో కలరా వచ్చి వలసవారు అనేకులు చనిపోయిరి. ఆయన రోగుల యొద్దకు పోవుచు, మృతులను సమాధి చేయుచుండెను. పరదేశిని చేర్చుకొనుటను గూర్చి మత్తయి 25వ అధ్యాయములో ప్రభువు చెప్పిన మాట ఆ సంఘమునకు ప్రసంగవాక్యము మాత్రమే గాక దినచర్య ఆయెను.

ఆ వెళ్లిపోయినవారే పల్లెలలో సంఘములు స్థాపించుకొనిరి. 1860లో అటువంటి సంఘములు కూడి అగస్తానా సినడ్‌గా ఏర్పడెను. గురువులను సిద్ధపరచు దాని పాఠశాల మొదట చికాగోలోనే తెరువబడెను.

1871 అక్టోబరు 8, ఆదివారము రాత్రి, చికాగోను అగ్ని పట్టుకొనెను. ఇంచుమించు లక్షమంది నిలువనీడ లేనివారైరి. ఇమ్మానుయేలు దేవాలయము కాలిపోయెను. సభ్యులలో అనేకుల ఇండ్లును కాలిపోయెను. ఇల్లు లేనివాడు దేవుని ఇంటికి ఏమి ఇయ్యగలడు? అయినను వారు మరల కట్టిరి. 1884లో కార్ల్‌సన్ గారు పూర్వము కాపురమున్న ఇంటిలోనే ఆసుపత్రి ప్రారంభమాయెను.

అగ్నికంటె నెమ్మదిగా వచ్చిన శోధన భాష. వీధిలో ఆడుకొను పిల్లలకు ఇంగ్లీషు వచ్చెను, స్వీడిషు పోయెను. తల్లి నేర్పిన మాటలలోనే ప్రార్థన రుచించునని వృద్ధులు, అర్థముకాని ఆరాధన ఎందుకని యౌవనులు వాదించిరి. వృద్ధులను మేము తప్పుపట్టజాలము. కాని బిడ్డలకు తెలియని భాషలో సంఘము ఎంతకాలము నిలుచును? మొదటి ప్రపంచయుద్ధము తరువాత ఆ సినడ్ సంఘములలో ఇంగ్లీషు ఆరాధన వేగముగా పెరిగెను. 1962లో అగస్తానా సినడ్ ఇతర లూథరన్ సంఘములతో ఏకమాయెను.

వారికిని మనకును ఒక బంధము కలదు. తమకే చాలీచాలని ఆ వలసవారి సినడ్, రాజమండ్రి మిషను పనిలో భాగస్థురాలై, ఎ. బి. కార్ల్‌సన్ అను గురువుగారిని గోదావరి తీరమునకు పంపెను. ఈయన చికాగో కాపరి కాదు, వేరొకరు. కొద్ది సంవత్సరములు మాత్రమే పనిచేసి, 1882లో ఆయన మరణించెను.