కత్తి పిడిలో దాగిన పేరు

పోయిన జనవరిలో మనం విహారయాత్రకు హైదరాబాద్ పోయి సాలార్‌జంగ్ మ్యూజియం చూశాం కదా. గడియారంలోంచి బొమ్మ మనిషి వచ్చి గంట కొడతాడని అందరూ ఆ హాల్లోకి ఉరికారు. నేను జపాన్ వస్తువుల గదిలో ఉండిపోయాను. అక్కడ సమురాయిలు అనే యోధుల కత్తులున్నాయి. "ఇది ఎవరు చేశారు తాతా?" అని కాపలా తాతను అడిగాను. "నాకు తెల్వదు బిడ్డా, ఎవరో జపానోళ్లు" అన్నాడు. గంట కొట్టే బొమ్మను నేను చూడనే లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. స్కూలుకొచ్చాక మా సోషల్ టీచర్ గారిని అడిగితే ఒక పుస్తకం తెచ్చి, నాకు అర్థం కాని ఇంగ్లీషు చదివి చెప్పారు. అందులో తెలుసుకున్నది రాస్తున్నాను.

జపాన్ కత్తి చేసిన కమ్మరి పేరు పైకి కనపడదు. మన కొడవలికి చెక్కపిడిలో దూరే మొన ఉంటుంది చూడండి, ఆ కత్తికి కూడా అట్లాంటి భాగం ఉంటుంది, కాకపోతే ఇంకా వెడల్పు, పొడుగు. దాన్ని నకాగో అంటారు. పిడి ఊడకుండా అడ్డంగా చిన్న వెదురు మేకు కొడతారు. ఆ మేకు తీస్తే పిడి మొత్తం ఊడొస్తుంది. అప్పుడు నకాగో మీద ఉలితో చెక్కిన అక్షరాలు కనపడతాయి. ఆ సంతకం పేరు 'మెయి'. అంటే ఆ రోజు నేను అద్దం పగలగొట్టినా పేరు దొరికేది కాదు! (వార్డెన్ మేడం, ఊరికే అన్నాను.)

ఒక సంతకం చదువుదాం. 'బిషు ఒసాఫునె సుకెసద'. జపాన్ రాతలో ఇది ఆరే అక్షరాలు. బిషు అంటే బిజెన్ అనే ప్రాంతం, ఇప్పటి ఒకాయామా జిల్లా వైపు. ఒసాఫునె ఊరి పేరు. సుకెసద కమ్మరి పేరు. కొందరు 'నివాసి' అని, 'చేసెను' అని కూడా చెక్కుతారు. రెండో పక్క తేదీ ఉండొచ్చు. వాళ్లు సంవత్సరాన్ని ఒక శకం పేరుతో లెక్కపెడతారు. తెన్షో శకం 1573లో మొదలైంది. కాబట్టి తెన్షో మూడో సంవత్సరం అని ఉంటే 1575 అన్నమాట. నెల మాత్రం చాలా కత్తుల మీద రెండో నెల అనో, ఎనిమిదో నెల అనో ఉంటుంది. అది వాళ్ల ఆచారం. నిజంగా ఆ నెలలోనే చేశారనుకోకూడదు.

సంతకం ఏ పక్కన ఉందో కూడా చూడాలి. పాతకాలపు తాచి అనే కత్తిని పదును కిందికి ఉండేట్టు నడుముకు వేలాడదీసేవాళ్లు. తర్వాత వచ్చిన కతానాను పదును పైకి ఉండేట్టు నడికట్టులో దోపేవాళ్లు. ఎట్లా పెట్టుకున్నా, మనిషికి బయటి వైపు ఉండే పక్కనే పేరు చెక్కడం మామూలు. అందుకని పేరున్న పక్కను బట్టి అది తాచియా, కతానాయా అని చెప్పొచ్చు. కానీ హిజెన్ ప్రాంతపు తదయోషి అనే కమ్మరి కతానాల మీద కూడా తాచి పక్కనే చెక్కాడు. లెక్కల్లో సూత్రం ఉన్నట్టు ఇక్కడ ఉండదు.

పేరు దొరికితే పని అయిపోయిందని నేను అనుకున్నాను. అవ్వలేదు. సుకెసద పేరుతో పదుల కొద్దీ కమ్మరులు ఉన్నారట! మన హాస్టల్లో లక్ష్మీ అంటే ఐదుగురు పలికినట్టు. 1500ల నాటి యుద్ధాల్లో ఒసాఫునెలో కత్తులు గంపగుత్తగా చేశారు. వాటి మీద పొట్టి సంతకమే ఉంటుంది. ఎవరైనా ప్రత్యేకంగా చేయించుకుంటే కమ్మరి తన సొంత పేరు కూడా కలిపి పొడుగ్గా చెక్కేవాడు.

ఇంకా పెద్ద చిక్కు దొంగ సంతకం. దాన్ని 'గిమెయి' అంటారు. 1300 ప్రాంతంలో సగామిలో మసమునె అనే గొప్ప కమ్మరి ఉండేవాడు. ఆయన సంతకం ఉన్న కత్తులు బహు తక్కువ. అందుకే మసమునె అని చెక్కి ఉంటే ముందు అనుమానించాలి. 1600లలో ఎదోలో ఉన్న కొతెత్సు పేరును కూడా ఎందరో దొంగగా చెక్కారు.

ఇది రాస్తుంటే నాకు సిగ్గేస్తోంది. ఎనిమిదో తరగతిలో కొత్తల పండుగకు ఇంటికి పోవాలని సెలవు చీటీ మీద మా అయ్య సంతకం నేనే పెట్టాను. వార్డెన్ మేడం చూడగానే పట్టుకున్నారు. మా అయ్య రాత్రిబడిలో పేరు రాయడం నేర్చుకున్నాడు. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, పెన్ను గట్టిగా నొక్కి రాస్తాడు. వెనక పేజీలో కూడా అచ్చు పడుతుంది. నాదేమో గుండ్రంగా, గబగబా రాసినట్టుంది. "మీ నాన్న ఇంత బాగా ఎప్పటి నుంచి రాస్తున్నాడే?" అన్నారు మేడం. ఒప్పుకున్నాను. పండుగకు పోలేదు.

కత్తుల పరీక్ష కూడా అట్లాంటిదే. ఒకడు ఉలిని లోతుగా కొడతాడు, ఒకడు వాలుగా కొడతాడు. ఆ అలవాటు చేతిని వదలదు. నకాగో మీద పల్చని కాగితం పరిచి నల్లరంగు రుద్దితే అక్షరాలు దిగుతాయి. మనం రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దుతామే, అట్లా. దాన్ని ఒషిగత అంటారు. ఆ కాగితాన్ని అసలు సంతకాల పక్కన పెట్టి ఒక్కో గీత పోల్చుతారు. ఆకురాయి గీతలు ఎటు వాలాయో కూడా చూస్తారు. తుప్పు సంగతి మరీ ముఖ్యం. పాత నకాగో మీద వందల ఏళ్ల నల్లటి తుప్పు ఉంటుంది. అక్షరం లోపల కూడా అదే తుప్పు ఉండాలి. అందుకే నకాగోను ఇసుక పెట్టి తోమకూడదు. మనం శనివారం ప్లేట్లు తోమినట్టు తోమితే సాక్ష్యం అంతా పోతుంది.

అసలు పేరే లేనివి కూడా చాలా ఉన్నాయి. పొడుగు తాచిలను తర్వాతి కాలంలో కతానాలుగా పొట్టివి చేసుకున్నారు. మొన వైపు కొయ్యరు, పిడి వైపే కోస్తారు. దాంతో చేసినవాడి పేరు ముక్కతో పాటు పోయింది. కొందరికి మనసొప్పక పేరున్న ముక్కను వెనక్కి మడిచి ఉంచారు. కొందరు ఆ ముక్కనే బిళ్లలా కత్తిరించి మళ్లీ నకాగోలో పొదిగారు. నాకు అన్నిటికన్నా ఇది నచ్చింది.

పేరు పోయిన కత్తి ఎవరిదో చెప్పడానికి హొన్‌అమి అనే కుటుంబం తరతరాలుగా పనిచేసింది. ఇనుములో కనపడే పోగులు, పదును వెంట తెల్లగా పోయే గీత, కత్తి వంపు చూసి ఫలానావాడి పని అని తేల్చేవాళ్లు. కొన్నిటి మీద ఆ పేరును బంగారంతో పొదిగించారు. మడత కాగితం మీద రాసిచ్చేవాళ్లు కూడా. దాని పేరు ఒరిగామి. మనం కాగితం మడిచి కొంగను చేస్తామే, అదే మాట! 1948లో పెట్టిన ఒక సంఘం ఇప్పుడు పరీక్ష చేసి పత్రాలిస్తోంది.

జపాన్‌లో ఇదొక పోటీ కూడా. నకాగోను కప్పేసి కత్తిని చేతికిస్తారు. చూసి, చేసినవాడి పేరు చీటీ మీద రాసివ్వాలి. సంతకం చూస్తే కాపీ కొట్టినట్టే.

మా ఊరి కమ్మరి తాత ఏ గొడ్డలి మీదా పేరు చెక్కలేదు. కానీ సంతలో ఎవరి భుజం మీద ఉన్నా అది ఆయన చేసిందే అని మా అయ్య చెప్పేస్తాడు. ఎట్లా గుర్తుపడతావని మొన్న ఆదివారం నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు అడిగాను. పిడి దూరే కన్ను చూస్తాడట. ఆయన కన్ను కింద కొంచెం ఇరుకుగా కొడతాడట.